డార్జిలింగ్‌లో ఆవిరి ఇంజన్ చూడాలంటే: జాయ్ రైడా, ఫుల్ ట్రిప్పా?

న్యూ జల్పాయ్‌గురి నుంచి డార్జిలింగ్ దాకా టాయ్ ట్రైన్‌లో మొత్తం 88 కిలోమీటర్లు. కారులో మూడు నాలుగు గంటల్లో ఎక్కే కొండకు ఈ రైల్లో ఏడు గంటలు దాటుతుంది. పైగా దీన్ని లాగేది డీజిల్ ఇంజన్. వానాకాలంలో కొండచరియలు విరిగిపడితే రైలు రద్దయిపోతుంది కూడా. అడవి, మలుపులు, బండి ముందుకీ వెనక్కీ నడుస్తూ పైకెక్కే జిగ్‌జాగ్‌లు చూడాలనుకునేవాళ్లకు ఆ ప్రయాణమే బాగుంటుంది. ఆవిరి ఇంజన్ కావాలంటే మాత్రం డార్జిలింగ్ నుంచి ఘూమ్ వెళ్లి వచ్చే జాయ్ రైడ్ తీసుకోండి. మేం చేసింది అదే.

బస గురించి రెండు మాటలు. మాల్ రోడ్డు వైపు హోటళ్లలో వ్యూ బాగుంటుంది కానీ అక్కడి చౌరస్తా అనే కూడలిలోకి బళ్లు రానివ్వరు, లగేజీతో ఎక్కాల్సిందే. మేం స్టేషన్‌కు దగ్గర్లో దిగాం. గీజర్ పొద్దున ఒక గంటే వేసేవాళ్లు, రూమ్ హీటర్‌కు విడిగా తీసుకున్నారు. చలికాలంలో వెళితే ఈ రెండూ బుకింగ్‌కు ముందే అడిగి తేల్చుకోండి. అయినా నేను మళ్లీ స్టేషన్ పక్కనే దిగుతాను. ఎందుకంటే ఇంజన్ షెడ్ స్టేషన్ ఎదురుగా, రోడ్డుకు అవతలే ఉంది.

ఈ ట్రిప్ మొత్తంలో నాకు బాగా నచ్చింది ఆ షెడ్ దగ్గర గడిపిన పొద్దుటి పూటే. ఇక్కడివన్నీ బి క్లాస్ ఇంజన్లు. 1889 నుంచి 1925 దాకా 34 తయారయ్యాయి. మూడు అమెరికాలో బాల్డ్విన్ కంపెనీవి, మూడు ఇక్కడి తింధారియా వర్క్‌షాప్‌లో చేసినవి, మిగతావి బ్రిటన్ నుంచి వచ్చాయి. గుర్రం మీద జీను వేసినట్టు బాయిలర్ మీద రెండు వైపులా వంగి కూర్చున్న నీళ్ల ట్యాంకు వీటి ప్రత్యేకత. పైనున్న మూత తీసి, గొట్టం పెట్టి నీళ్లు నింపుతున్నారు. అంచుల్లోంచి పొర్లిన నీళ్లు వేడి బాయిలర్ పక్కలకు తగిలి పొగలు కక్కాయి. పక్కన ట్యాంకులు అడ్డం లేవు కాబట్టి చక్రాలను తిప్పే రాడ్లకు నూనె పోసే అతని చెయ్యి నేరుగా లోపలికి పోతోంది.

ఇంజన్‌కు ఉన్నవి నాలుగే చక్రాలు, నాలుగూ లాగేవే. వెనక టెండర్, అంటే బొగ్గూ నీళ్లూ మోసే విడి బండి, లేదు కాబట్టి నీళ్లు, బొగ్గు, ఇనుము అంతా ఆ నాలుగింటి మీదే పడుతుంది. రెండడుగుల గేజి (పట్టాల మధ్య దూరం) మీద ఇంత నిటారు ఎక్కుడులో చక్రం జారకుండా పట్టు దొరికేది ఈ బరువు వల్లే. చిన్న పొడవు కాబట్టి మలుపులూ తిరగగలదు. ఇబ్బందులూ ఉన్నాయి. నీళ్లు ఖర్చయ్యేకొద్దీ పట్టు కాస్త తగ్గుతుంది, బరువు పైన ఉండటంతో ఊగిసలాట ఎక్కువ. బాయిలర్ వేడికి ట్యాంకులో నీళ్లు ముందే వెచ్చబడటం మంచిదే కానీ, మరీ వేడెక్కితే వాటిని బాయిలర్‌లోకి పంపే ఇంజెక్టర్ మొరాయిస్తుంది. బి క్లాస్‌లో కొంత నీటిని చక్రాల మధ్య, ఫ్రేమ్‌లో ఉన్న ఇంకో ట్యాంకులో పెట్టారు. చాలా తెలివైన ఏర్పాటు అనిపించింది నాకు.

జీనులా రెండు పక్కలా ఉండే ట్యాంకు ఆలోచన రోడ్డు మీదా ఉంది. లారీల ఛాసిస్‌కు రెండు పక్కలా వేలాడే డీజిల్ ట్యాంకులు, ట్రాక్టర్‌కు అటూ ఇటూ బిగించే పురుగుమందు ట్యాంకులు ఈ కోవవే. ఇంజన్ వెనక చక్రాలను తిప్పే కార్లు కొన్నింటిలో, ఆ శక్తిని వెనక్కి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు దారి వదిలి పెట్రోల్ ట్యాంకు రెండు గుంటలుగా ఉంటుంది. పంపు ఒక వైపే ఉంటే, రెండో వైపు ఇంధనాన్ని జెట్ పంపు (ఇంధన ధార వేగంతోనే పీల్చే పంపు) లాగి ఇస్తుంది.

జాయ్ రైడ్ రానూపోనూ దాదాపు రెండు గంటలు. ఘూమ్ డార్జిలింగ్ కంటే పైన, 2,258 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి వెళ్లేటప్పుడే ఎక్కుడు, ఇంజన్ కష్టమంతా అప్పుడే వినిపిస్తుంది. బొగ్గు పెట్టె మీద కూర్చుని ఒకతను బొగ్గు పగలగొడుతుంటాడు. ఇంజన్ ముందు అంచున, బఫర్ మీద ఇద్దరు కూర్చుని తడి పట్టాల మీద ఇసుక చల్లుతారు. అంత చిన్న ఇంజన్‌కు ఇంతమంది ఎందుకో ఆ ఎక్కుడు చూస్తేనే తెలుస్తుంది. రైలు గుండ్రంగా తిరిగే బతాసియా లూప్‌లో పది నిమిషాలే ఆపుతారు. ఫొటోల హడావుడిలో కాంచన్‌జంగ వైపు చూడటం మర్చిపోకండి. ఘూమ్ స్టేషన్ మ్యూజియం చిన్నదే కానీ చూడదగ్గది.

టికెట్లు ఐఆర్‌సీటీసీలో దొరుకుతాయి. ఆవిరి రైలు ఛార్జీ డీజిల్ కంటే ఎక్కువ. తక్కువ చూసి డీజిల్‌ది బుక్ చేసుకుంటే మీరు వచ్చిన పని కాదు. ముందు బోగీలో సీటు దొరికితే చప్పుడు బాగా వినిపిస్తుంది, కంట్లో బొగ్గు నుసి కూడా పడుతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి. అంత దూరం వెళ్లలేనివాళ్లకు ఢిల్లీ నేషనల్ రైల్ మ్యూజియంలో బి క్లాస్ 777 ఉంది. అది ఆపేసిన ఇంజనే అయినా, ట్యాంకు కింద బాయిలర్ ఎలా ఇమిడిందో తీరిగ్గా చూడొచ్చు.