ఎకో గదికి ఐదు స్టార్లు, కౌంటర్‌కి ఒకటి

గజపతినగరం నుంచి మొదటి బస్సుకి వచ్చి ఎనిమిదికల్లా టోకెన్ తీసుకుంటే, విజయనగరంలోని ఈ స్కానింగ్ సెంటర్లో నాన్నని పిలిచేసరికి పదకొండు దాటింది, ఎకోతో పాటు సీటీ స్కాన్ కూడా ఉందని ఆయన పొద్దున్నించీ ఏమీ తినలేదు.

అయినా ఎకో, అంటే గుండెకి చేసే అల్ట్రాసౌండ్ స్కాన్, చేసిన డాక్టరమ్మ గురించి చెప్పాలి. స్క్రీన్ మా వైపు తిప్పి మరీ చూపించారు. ఎరుపు, నీలం మెరుస్తుంటే నాన్నకి టెన్షన్, "నీలం అంటే చెడ్డ రక్తమేటమ్మా?" అన్నారు. కాదట, ఛాతీ మీద ఆనించే ప్రోబు వైపు వస్తున్న రక్తం ఎరుపు, దూరంగా పోతున్నది నీలం, అంతే. నాన్నకి అయోర్టా, అంటే గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళం, దాని మొదట్లో ఉండే వాల్వుకి మూడు రెక్కలకు బదులు పుట్టుకతోనే రెండే ఉన్నాయి. దాంతో రక్తం తిన్నగా పోకుండా ఒక పక్క గోడకి కొడుతోంది, పొలంలో తూము వంకరగా ఉంటే నీళ్ళు ఒకే గట్టుని కోసినట్టు. అక్కడే నాళం 4.3 సెంటీమీటర్లకి ఉబ్బింది. మామూలుగా 5.5 దగ్గరకొస్తే ఆపరేషన్ మాట ఎత్తుతారట, ఒక్కోసారి అంతకంటే ముందే.

మరి సీటీ ఎందుకని అడిగాను. ఎకోలో రక్తం పరుగు తెలుస్తుంది కానీ నాళం పొడవునా కనబడదు, సీటీలో ఆకారం, కొలతలు కచ్చితంగా వస్తాయి కానీ వేగం తెలియదు. ఎమ్మారైలో 4డి ఫ్లో అని ఉందట, రక్తం ఎటు తిరుగుతోందో, ఎంత వేగమో గుండె కొట్టుకునే క్రమంలోనే చూపిస్తుంది. ఈ సెంటర్లో అది లేదు, మాకిప్పుడు అక్కర్లేదు కూడా అన్నారు.

సీటీలో నాళాలు బాగా కనబడటానికి రక్తంలోకి ఒక మందు ఎక్కిస్తారు, అందుకని ముందు కిడ్నీలు బాగున్నాయో లేదో చూడ్డానికి క్రియాటినిన్ అనే రక్తపరీక్ష రిపోర్టు అడిగారు. ఆ మందు ఎక్కించగానే ఒళ్ళంతా వేడెక్కుతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. "పంచె తడిసిపోయిందనుకున్నానురా" అన్నారు నాన్న బయటికొచ్చి.

అసలు గొడవ సీటీ బొమ్మలుండే సీడీ దగ్గర. ఫిల్ము చాలు అన్నాడు కౌంటర్ అబ్బాయి. తీరా విశాఖ డాక్టరు గారు ఆ ఫిల్ముని కిటికీ వెలుగుకి ఎత్తి చూసి, "సీడీ తేలేదా, దీంట్లో నేనేం కొలవను?" అన్నారు. మళ్ళీ బస్సెక్కి వచ్చి, రెండు గంటలు కూర్చుని తెచ్చుకున్నాను. డబ్బు కట్టేటప్పుడే సీడీ అడిగేయండి. వచ్చే ఏడాది నాన్న ఎకోకి మాత్రం మళ్ళీ ఇక్కడికే వస్తాం, ఆ డాక్టరమ్మ ఉంటే.