త్రిగుణాల పరీక్షతో ఉద్యోగుల శిక్షణ: ఉపన్యాసం మేలు, నివేదిక చిక్కు

సాంఖ్య దర్శనం, భగవద్గీత చెప్పిన సత్త్వ రజస్తమో గుణాల ఆధారంగా ఉద్యోగుల స్వభావాన్ని అంచనా వేసి, పనితీరు మెరుగుపడే మార్గం చెబుతామంటూ ఒక ప్రైవేటు శిక్షణ సంస్థ హైదరాబాద్‌లోని మా కార్యాలయంలో ఒక పూట కార్యక్రమం నిర్వహించింది. మొదట ప్రశ్నావళి, తరువాత ఉపన్యాసం, చివర ఒక్కొక్కరికి మూడు గుణాల శాతాలతో నివేదిక.

ఉపన్యాసం బాగుంది. ఫలితం ఎటు తిరిగినా చలించక ఉత్సాహంతో పనిచేసేవాడు సాత్త్విక కర్త అనీ, ఫలాపేక్షతో హర్షశోకాల మధ్య ఊగిసలాడేవాడు రాజస కర్త అనీ, సోమరితనంతో పనిని సాగదీసే దీర్ఘసూత్రి తామస కర్త అనీ పద్దెనిమిదో అధ్యాయం 26 నుండి 28 వరకు శ్లోకాలలో ఉన్న విభజనను ఇంక్రిమెంట్ల కాలపు ఉదాహరణలతో వివరించినప్పుడు, వెనుక వరుసలో ఫోన్లు చూసుకుంటున్నవారు కూడా తలెత్తి విన్నారు. అయితే సత్త్వం సైతం సుఖాసక్తితో, జ్ఞానాసక్తితో బంధిస్తుందని పద్నాలుగో అధ్యాయం ఆరో శ్లోకం చెప్పిన మాటను వక్త దాటవేశారు. ఆ బంధానికి ఉదాహరణగా, తన పద్ధతే శుద్ధమైనదని నమ్మి, ఇతరులు చేసిన పనిని అంగీకరించని సీనియర్లు ఏ కార్యాలయంలో లేరు?

చిక్కంతా నివేదికతోనే. ఒక గుణం తక్కిన రెండింటినీ అణచి పైకి వస్తుందనీ, మరొకప్పుడు మరొకటి వస్తుందనీ అదే అధ్యాయం పదో శ్లోకం చెబుతుంది; సాంఖ్య దర్శనపు ప్రామాణిక గ్రంథమైన ఈశ్వరకృష్ణుని సాంఖ్యకారిక ఈ మూడూ, నూనె, వత్తి, మంట కలిసి వెలుగునిచ్చే దీపంలాగా, ఒకే ప్రయోజనం కోసం కలిసి పనిచేస్తాయంటుంది. అటువంటిది, ఒక్కసారి నింపిన ప్రశ్నావళితో మనిషికి ‘తామస ప్రధానం’ అని ముద్ర వేయడం మూలానికే విరుద్ధం. రాత్రి షిఫ్టు ముగించుకొని నేరుగా వచ్చిన సహోద్యోగికి, తామస లక్షణంగా చెప్పే నిద్రమత్తు గురించిన ప్రశ్నలలో ఏ ఫలితం వచ్చిందో ఊహించవచ్చు. అది ఆయన స్వభావమా, షిఫ్టుల పట్టిక పుణ్యమా అనే విచారణ నివేదికలో ఎక్కడా లేదు. మూడు గుణాలను కొలవడానికి పరిశోధకుడు డేవిడ్ వుల్ఫ్ రూపొందించిన 56 అంశాల ప్రశ్నావళి ‘వేదిక్ పర్సనాలిటీ ఇన్వెంటరీ’ వంటి కొలమానాలు పరిశోధకులకు అందుబాటులో ఉన్నాయి. అయినా తమ ప్రశ్నావళిని ఎవరు, ఎలా పరీక్షించారని అడిగితే నిర్వాహకులు మాట దాటవేశారు. పైగా నివేదికల ప్రతులు హెచ్‌ఆర్ విభాగానికీ వెళ్లాయి.

ఉపన్యాసం వరకే విడిగా ఏర్పాటు చేసుకోగలిగితే నిస్సందేహంగా పిలవవచ్చు. నివేదికలు కూడా కావాలనుకునే యాజమాన్యాలు, అవి ఉద్యోగికి తప్ప మరెవరికీ అందకూడదనీ, వార్షిక మదింపులో వాడకూడదనీ ముందుగా ఒప్పందంలోనే రాయించుకోవాలి.