వేపకొమ్మ మంచం: ఏడేళ్ళు పడుకున్నాక

మా మంచానికి తలవైపు పలక లేదు, వేపకొమ్మ ఉంది. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను చెన్నై దగ్గర తీరం దాటినప్పుడు మా మడిపాక్కం వీధిలో కూలిన చెట్టుది. లారీకెత్తేవాళ్ళని బతిమాలి, పంగ బాగున్న కొమ్మ ఒకటి ఇంటికి లాక్కొచ్చాను. ఏడాదిన్నర వరండాలో ఆరబెట్టి, 2018 వేసవిలో బాపట్ల నుంచి వచ్చిన మామయ్యగారిని సాయం పెట్టుకుని మంచం చేశాను. అప్పట్లో ఫొటోలు చూసి ఎలా ఉందని చాలామంది అడిగారు. కొత్తలో ఏ మంచమైనా బాగానే ఉంటుంది, అందుకే ఇప్పుడు రాస్తున్నా.

ముందు మంచం కోళ్ళు (కాళ్ళు), వాటిని కలిపే పట్టెల సంగతి. అవి పాత టేకు. మద్రాసు మిద్దెలకి దగ్గర దగ్గరగా కర్ర దూలాలు పరిచి, వాటి మీద ఇటుకల్ని ఐమూలగా నిలబెట్టి సున్నంతో కట్టేవారు. అలాంటి ఇల్లు కూల్చినప్పుడల్లా ఆ దూలాలు పాత కర్ర కొట్లకు చేరతాయి. కొట్టాయన బర్మా టేకన్నాడు. అమ్మేవాళ్ళంతా అదే అంటారనుకోండి. కానీ పైన మసి పోయేలా నాలుగుసార్లు చిత్రిక పట్టగానే తేనెరంగు బయటపడి, కొత్త తోలు చెప్పుల వాసన వచ్చింది. అంతకంటే నాకేం రుజువు కావాలి! ఒక దూలంలో తల విరిగిన మేకు దాక్కుని ఉంది. మిల్లులో రంపం పళ్ళు ఎగిరాయి, ఆ డబ్బు నేనే కట్టాను. పాత కర్ర కొనేవాళ్ళు కోతకు ముందు అయస్కాంతం పెట్టి అంగుళం అంగుళం చూసుకోండి.

పరుపు 78×60 అంగుళాలది. పట్టెలు ఆరంగుళాల వెడల్పు, ఒకటిన్నర మందం. పట్టె చివర నాలుకలా చెక్కి, కోడులో తొలిచిన బెజ్జంలోకి దించి, బయటి నుంచి బోల్టు బిగించాం. జిగురు పెట్టలేదు, ఇల్లు మారితే విప్పుకోవాలిగా. బెజ్జాలు తొలవడం పక్క వీధి ఆశారి (వడ్రంగి) నేర్పారు. మొదటిది పాడుచేస్తే "ఉలి నీ మాట వినదు, కర్ర మాటే వింటుంది" అని నవ్వి, పోగుల వాలు చూసి పట్టుకోవడం చూపించారు. ఈ చట్రం ఏడేళ్ళలో వంగలేదు. ఏటా కత్తిరి ఎండలు (మే నెల మండుటెండలు) పోయాక బోల్టులు ఒక పావు చుట్టు బిగిస్తాను, అంతే.

పరుపు కింద అడ్డంగా వేసే బద్దల దగ్గర మాత్రం పిసినారితనం చేశాను. మూడంగుళాల సిల్వర్ ఓక్ బద్దలు తొమ్మిదే వేశాను. మధ్యలో ఐదేసి అంగుళాల సందు వచ్చి, ఏడాది తిరిగేసరికి ఫోమ్ పరుపు సందుల్లోకి దిగి మా ఆయనకి నడుంనొప్పి మొదలైంది. ఇంకో నాలుగు బద్దలు వేసి, సందు మూడంగుళాల లోపుకు తెచ్చాక పరుపు తిన్నగా ఉంది. పక్కకి తిరిగితే వచ్చే కీచుకీచు కూడా, బద్దల చివర్ల కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు పెట్టాక పోయింది.

ఇక కొమ్మ. అందరూ మెచ్చుకునేదీ అదే, నన్ను ఏడిపించిందీ అదే. సహజంగా ఉంటుందని బెరడు తీయలేదు. రెండో వానాకాలంలో ఒకరోజు పొద్దున్నే మామయ్యగారు దిండు మీద వేలితో రాసి చూపించి, "అమ్మాయ్, తల మీద బియ్యప్పిండి రాలుతోందేంటి?" అన్నారు. పురుగు! ఉలితో బెరడు లేపితే కింద వేళ్ళతో గీసినట్టు సొరంగాలు. తెల్లభాగమంతా పిండే, లోపలి ఎర్రటి చేవని మాత్రం ముట్టుకోలేదు. వేపకి పురుగు పట్టదన్న మాట చేవ వరకే నిజమని అప్పుడు తెలిసింది. పొడిబారిన భాగం గీకేసి, బోరాక్స్, బోరిక్ యాసిడ్ వేడినీళ్ళలో కలిపి మూడు పూతలు వేశాను. మళ్ళీ పిండి రాలలేదు.

పగులు మాత్రం ఆగలేదు. 1937లో పుదుచ్చేరి వచ్చి అక్కడి అరవిందాశ్రమం వాళ్ళ గోల్కొండ అనే వసతిభవనం కట్టడం దగ్గరుండి చూసిన అమెరికా వాస్తుశిల్పి జార్జి నకషిమా, తర్వాత అమెరికాలో బల్లలు చేస్తూ పగుళ్ళకి సీతాకోకచిలుక ఆకారం చెక్కబిళ్ళలు బిగించేవాడు. నేనూ ఒకటి బిగించాను, ఆర్నెల్లకే ఊడింది. ఆయనవి కోసిన పలకలు, నాది నడిబొడ్డు లోపలే ఉన్న గుండ్రటి కొమ్మ. ఎండేటప్పుడు కర్ర లోపలికి కంటే చుట్టూ ఎక్కువ ముడుచుకుంటుంది, పగలక ఏం చేస్తుంది? ఇప్పుడు ఆ పగులు మేలో పది రూపాయల బిళ్ళ పట్టేంత తెరుచుకుని, నవంబరులో గోరు కూడా దూరనంత మూసుకుంటుంది. దాని మానాన దాన్ని వదిలేశాను.

అవిసె నూనె పూత గురించి ఒక్క మాట. వానల్లో దాని మీద బూడిదరంగు బూజు పట్టింది. తుడిచి, ఆరబెట్టి, లక్క పాలిష్ వేశాక నయం. నూనె గుడ్డలు ఉండచుట్టి పడేయకండి, వాటంతట అవే అంటుకుంటాయి. తీగ మీద విప్పి ఆరేయండి.

2023 డిసెంబరు మిచాంగ్ తుపాను చివరికి తీరం దాటింది మా బాపట్ల దగ్గరే అయినా, మునిగింది మేం. గదిలో అడుగు నీళ్ళు రెండు రోజులు నిలిచాయి. ప్లైవుడ్ బీరువా అడుగు ఉబ్బి, పొరలు పొరలుగా విచ్చుకుపోయింది. మంచం కోళ్ళకి అడుగెత్తున నల్లటి చార మిగిలింది. విప్పి నీడలో మూడు వారాలు ఆరబెట్టి బిగిస్తే బెజ్జాలన్నీ మళ్ళీ సరిగ్గా కూర్చున్నాయి. ఆ చార చిత్రికతో తీసేయొచ్చు, తీయబుద్ధి కాలేదు.

ఖర్చు అప్పట్లో మొత్తం 19,000 రూపాయలు అయింది, ఆ రంపం డబ్బుతో కలిపి. దోమతెర కట్టుకోవడానికి కొమ్మంత వీలైనది ఇంకోటి లేదు. దుమ్ము దులపడానికి అంత చిరాకైనదీ లేదు. కళ్ళజోడు, చార్జరు తీగ, పాప రబ్బరు బ్యాండ్లు అన్నీ దానికే వేలాడతాయి. ఒక రెమ్మ చివర మామయ్యగారి తలకి రెండుసార్లు గుచ్చుకుంటే కోసేశాను. పోయిన సంక్రాంతికి ఆయన బాపట్లకీ ఇలాంటి మంచం ఒకటి కావాలన్నారు, కొమ్మ లేకుండా.