నీడన ఆరిన మునగాకు పొడి: వాడి, పరీక్షించి రాస్తున్న అభిప్రాయం

మా వీధి చివర సేంద్రియ సరుకుల దుకాణంలో 180 రూపాయలకు కొన్న వంద గ్రాముల మునగాకు పొడిని ఆరు వారాలుగా వాడుతున్నాను. డిగ్రీ కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రం బోధిస్తున్నందువల్ల దానిని వంటింట్లోనే గాక ప్రయోగశాలలో కూడా చూసే వీలు కలిగింది.

పొట్లం విప్పగానే కనిపించిన పచ్చదనం నాకెంతో నచ్చింది. మునగాకును మండుటెండలో వేస్తే పత్రహరితం చెడి పొడి గోధుమవర్ణానికి దిగుతుంది. నీడన పలుచగా ఆరబోసి, ఈనెలు ఏరివేసిన ఆకు ఇలా పచ్చగా నిలుస్తుంది. వేళ్ల మధ్య నలిపితే ఎక్కడా పుల్ల తగలలేదు. ఆషాఢంలో మునగాకు పప్పు తప్పనిసరిగా వండే ఇంట్లో పెరిగిన నాకు, కారప్పొడిలో కలిపిన దీని చిరుచేదు హాయిగానే అనిపించింది.

కళాశాలలో ఈ పొడిని కొంత నీటిలో, కొంత ఇథనాల్‌లో రాత్రంతా నానబెట్టి వడగట్టాము. డీపీపీహెచ్ అనే ఫ్రీ రాడికల్ (జతలేని ఎలక్ట్రాన్ ఉన్న అణువు) కలిసిన ముదురు ఊదారంగు ద్రావణంలో ఇథనాల్ సారం కలిపి అరగంట చీకట్లో ఉంచగా, ఊదా పూర్తిగా విరిగి లేత పసుపు మిగిలింది. ఆకులోని క్వెర్సెటిన్, క్లోరోజెనిక్ ఆమ్లం వంటి ఫినాలిక్ పదార్థాలు ఫ్రీ రాడికల్స్‌ను అణచివేస్తాయనడానికి ఆ రంగు మార్పే గుర్తు. నీటి సారం కూడా రంగును విరిచింది గాని, అంతగా కాదు.

సూక్ష్మజీవుల పరీక్షలో మాత్రం ఫలితం వేరుగా వచ్చింది. స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియాను పెంచిన అగార్ (జెల్లీ వంటి పోషక పదార్థం) పళ్లెంలో ఇథనాల్ సారం పోసిన గుంట చుట్టూ బ్యాక్టీరియా పెరగని సన్నని తేట వలయం ఏర్పడింది. ఉత్త ఇథనాల్ పోసిన గుంట చుట్టూ ఏమీ లేదు కనుక ఆ ప్రభావం ఆకుదేనని చెప్పవచ్చు. ఈ.కోలై అనే మరో బ్యాక్టీరియాను పెంచిన పళ్లెంలో ఏ సారానికీ వలయం రాలేదు. ఈ.కోలై వంటి గ్రామ్ నెగటివ్ రకం బ్యాక్టీరియాకుండే వెలుపలి పొర ఇటువంటి పదార్థాలను సులువుగా లోనికి రానివ్వదు. ఇక మనం ఇంట్లో కలుపుకునే నీటి సారం రెండు పళ్లేలలోనూ పనిచేయలేదు.

అయినా పొట్లం మీద ‘సహజ యాంటీబయోటిక్’ అని పెద్ద అక్షరాలతో అచ్చు వేశారు. ఆ మాట నమ్మి మా పక్కింటి పెద్దావిడ మూత్రంలో మంటకు వైద్యుని దగ్గరికి వెళ్లకుండా పది రోజులు ఈ పొడినే తాగారు. మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు చాలావరకు కారణం ఆ ఈ.కోలైయే కావడం నన్ను మరింత బాధించింది. చివరకు జ్వరం వచ్చాకనే ఆమె ఆసుపత్రికి వెళ్లారు.

ఆహారంగా ఈ పొడి మంచిదే, ధరా సమంజసమే. నిన్ననే రెండో పొట్లం కొని వెలుతురు సోకని డబ్బాలో పోసుకున్నాను. ‘సహజ యాంటీబయోటిక్’ అన్న ఆ ఒక్క మాటను తీసివేసి, దాని చోట ఆకు కోసిన నెలను, ఆరబెట్టిన తీరును ముద్రించమని తయారీదారుకు ఉత్తరం రాశాను.