ఊరి క్లినిక్‌లో నర్సు, పట్నంలో డాక్టరు: బీపీ వైద్యం ఎక్కడ బాగా జరుగుతోంది?

ప్రకాశం జిల్లాలోని మా ఊరి గ్రామ ఆరోగ్య క్లినిక్‌ను నడిపేది డాక్టరు కాదు. బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి, ఆపైన ఆరు నెలల సామాజిక ఆరోగ్య శిక్షణ పొందిన ఒక ఎం.ఎల్.హెచ్.పి. (డాక్టరుకు, మామూలు నర్సుకు మధ్య స్థాయి ఆరోగ్య సిబ్బంది). మా అమ్మ రక్తపోటు వైద్యం అంతా అక్కడే సాగుతోంది. మా నాన్నగారు అదే జబ్బుకు పట్నంలోని ఒక ప్రైవేటు ఫిజీషియన్ దగ్గర చూపించుకుంటారు. ఒకే ఇంట్లో రెండు పద్ధతులనూ దగ్గరుండి గమనించే అవకాశం దొరికింది కనుక, డాక్టరు ఎదురుగా లేని చోట బీపీ, షుగర్ వంటి జబ్బులను నమ్మకంగా అప్పగించవచ్చా అని అడిగేవారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. అప్పగించవచ్చన్నదే నా అభిప్రాయం. అయితే ఆ నర్సు వెనుక ఒక డాక్టరు నిజంగా నిలబడి ఉండాలి.

క్లినిక్ సౌకర్యాల గురించి పెద్దగా చెప్పుకోవలసింది లేదు. రెండు గదులు, బీపీ యంత్రం, షుగర్ చూసే గ్లూకోమీటరు, హిమోగ్లోబిన్, మూత్రం వంటి ప్రాథమిక పరీక్షలు, సాధారణ మందుల అర, టెలీమెడిసిన్ కోసం ఒక ట్యాబ్ ఉన్నాయి. ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలు అక్కడి నుంచే పనిచేస్తారు. పీహెచ్‌సీ డాక్టరు 104 వాహనంతో పాటు నిర్ణీత రోజుల్లో వస్తారు. మందులకు, పరీక్షలకు డబ్బు తీసుకోరు.

అసలు తేడా కనిపించేది బీపీ చూసే తీరులో. మా క్లినిక్‌లో అమ్మను ముందు కాసేపు కూర్చోబెడతారు, చేతిని బల్లమీద గుండె ఎత్తున ఆనిస్తారు, ఒకసారి చూసి కొద్దిసేపటి తరువాత మళ్లీ చూస్తారు. పట్నంలో నాన్నగారి బీపీని, మెట్లెక్కి వచ్చిన ఆయాసం తీరకముందే, ఓపీ బయట సహాయకుడు ఒక్కసారి చూసి చీటీమీద రాసేస్తాడు. ఆ అంకెను బట్టే మాత్ర మోతాదు నిర్ణయమవుతుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. లోపలికి వెళ్లాక డాక్టరుగారు తెలివైనవారే, మంచివారే. కానీ బయట నిండిన వరండా ఆయనను ఎక్కువసేపు మాట్లాడనివ్వదు.

అమ్మకు ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల మాత్ర మొదలుపెట్టిన తరువాత కూడా బీపీ 150కి దిగువకు రాలేదు. అప్పుడు నర్సు మోకాళ్ల నొప్పులకు ఏం వాడుతున్నారని అడిగింది. మందుల షాపులో అడిగి తెచ్చుకుని, నొప్పి ఎక్కువైన రోజుల్లో వేసుకుంటున్న డైక్లోఫెనాక్ మాత్రల సంగతి అప్పుడు బయటపడింది. ఆ కోవకు చెందిన నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పును, నీటిని నిలవబెట్టి రక్తపోటును పెంచుతాయి, మూత్రపిండాలకూ చేటు చేస్తాయి. వాటిని మాన్పించి, ఊరగాయ, అప్పడం, ఎండుచేప ఎన్ని పూటలు తింటున్నారో కూడా నర్సు విడివిడిగా అడిగి రాసుకుంది. ఇందులో గొప్ప వైద్య రహస్యమేమీ లేదు, ఏ డాక్టరుకైనా తెలిసిన విషయమే. అడగడానికి తీరిక ఉండటమే ఇక్కడ వైద్యం అయింది.

ఒక ఇంట్లోని ఇద్దరిని చూసి ఏది మేలో తేల్చడం సరికాదు. వారి వయసు, తిండి, శరీరతత్వం వేరు. అందుకే లాటరీ పద్ధతిలో రోగులను రెండు గుంపులుగా విభజించి చేసిన అధ్యయనాలను చూడాలి. అమెరికాలోని న్యూయార్క్ నగరంలో నర్స్ ప్రాక్టీషనర్లకు, డాక్టర్లకు మందులు రాయడంలో సమాన అధికారం ఇచ్చి, 1316 మంది రోగులను పోల్చిన అధ్యయనం 2000లో ప్రచురితమైంది. ఆరు నెలల తరువాత ఇరువర్గాల ఆరోగ్య స్థితిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. రక్తపోటు ఉన్నవారిలో కింది అంకె నర్సుల వద్ద సగటున 82, డాక్టర్ల వద్ద 85గా తేలింది. ప్రాథమిక వైద్యంలో డాక్టర్ల స్థానంలో నర్సులు పనిచేసిన 18 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షను, వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2018లో వెలువరించింది. ఫలితాలు డాక్టర్ల వైద్యంతో సమానంగానో కొంత మెరుగ్గానో ఉన్నాయని, రోగుల సంతృప్తి నర్సుల వద్ద కాస్త ఎక్కువని, సంప్రదింపుకు పట్టే సమయం కూడా ఎక్కువేనని అందులో తేలింది.

అయితే ఈ అంకెలను పట్టుకుని మా ఊరి క్లినిక్‌కు నేరుగా యోగ్యతాపత్రం ఇవ్వలేము. ఆ 18లో ఒక్కటి తప్ప అన్నీ సంపన్న దేశాలలో జరిగాయి. న్యూయార్క్ అధ్యయనంలోని నర్సులు పైచదువు చదివి, స్వతంత్రంగా మందులు రాసే అధికారం ఉన్నవారు, మన ఎం.ఎల్.హెచ్.పి.కి ఆరు నెలల అదనపు శిక్షణ, పరిమితమైన అధికారం మాత్రమే ఉన్నాయి. మన పరిస్థితికి దగ్గరగా కనిపించేది దక్షిణాఫ్రికా అనుభవం. అక్కడి ఫ్రీ స్టేట్ రాష్ట్రంలో, డాక్టర్ల కొరత ఉన్న క్లినిక్‌లలో, హెచ్ఐవీ మందులు మొదలుపెట్టే బాధ్యతను శిక్షణ పొందిన నర్సులకు అప్పగించి చూశారు. 2012లో వచ్చిన ఫలితాల ప్రకారం, దానివల్ల మరణాలు పెరగలేదు. స్పష్టమైన మార్గదర్శకాలు, తెగని మందుల సరఫరా, కష్టమైన కేసును పైకి పంపే దారి ఉన్నప్పుడు నర్సుల చేతిలో వైద్యం పలచబడదని దాన్నిబట్టి నమ్మవచ్చు. 2017లో తెలంగాణతో సహా అయిదు రాష్ట్రాలలో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం కూడా ఇదే సూత్రంమీద నడిచింది: ఏ మందుతో మొదలుపెట్టాలో, ఎప్పుడు పెంచాలో రాసిపెట్టిన ఒకే క్రమం, ఇంటికి దగ్గరలో మందులు, రానివారిని ఫోన్ చేసి పిలవడం.

డాక్టరు లేని లోటు మాకు రెండు చోట్ల స్పష్టంగా తెలిసింది. నొప్పి మాత్రలు మానిన తరువాత కూడా అమ్మ బీపీ 140కి పైనే నిలిచినప్పుడు, రెండో మందు చేర్చే అధికారం నర్సుకు లేదు. ట్యాబ్‌లో దొరికిన డాక్టరు టెల్మిసార్టాన్ అనే మరో బీపీ మాత్ర రాశారు. కానీ అది మొదలుపెట్టే ముందు చేయించవలసిన క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపేది), పొటాషియం రక్తపరీక్షలకు మేము పట్నం వెళ్లవలసి వచ్చింది. పైగా టెలీమెడిసిన్‌లో ప్రతిసారీ కొత్త డాక్టరు కావడం వల్ల కథ మొదటినుంచి చెప్పుకోవాలి. రెండోది అంతకంటే పెద్ద విషయం. నాన్నగారి నాడి లయ తప్పుతోందని పట్టుకున్నది పట్నం డాక్టరుగారే. వెంటనే ఈసీజీ తీసి, అది పక్షవాతానికి దారితీయగల గుండె లయ దోషమని నిర్ధారించి, రక్తం గడ్డకట్టకుండా మందు మొదలుపెట్టారు. ఆ రోజు నాన్నగారు మా ఊరి క్లినిక్‌కే వెళ్లి ఉంటే, ఈసీజీ లేని చోట అది ఎంత త్వరగా బయటపడేదో చెప్పలేను. అనుభవంతో వచ్చే ఆ అనుమానానికి ఆరు నెలల శిక్షణ సాటిరాదు.

నాకు కోపం తెప్పించేది మాత్రం మందుల కొరత. అమ్మ మాత్రలు క్లినిక్‌లో అయిపోయి, సరఫరా వచ్చేదాకా బయట కొనుక్కోమన్న సందర్భాలున్నాయి. మేము కొనగలిగాము. కొనలేని కూలీ మనిషి ఆ రోజులలో మాత్ర మానేస్తాడు, బీపీ పెరుగుతుంది, చివరికి నర్సు వైద్యం పనిచేయదని ఊళ్లో పేరు పడుతుంది. ఆ తప్పు ఆమెది కాదు.

బీపీ మాత్రమే ఉన్నవారికి, మెట్‌ఫార్మిన్ అనే మాత్రతో అదుపులో ఉన్న షుగర్ రోగులకు ఇలాంటి క్లినిక్‌ను నేను ధైర్యంగా సిఫారసు చేస్తాను. ఇన్సులిన్ వాడేవారు, గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, మూడు మందులు వాడినా బీపీ దిగనివారు డాక్టరు చేతిలోనే ఉండాలి. ఛాతీ నొప్పి, మూతి వంకర పోవడం, చేయి పడిపోవడం వంటివి కనిపిస్తే క్లినిక్‌కు కూడా వెళ్లకుండా 108కి ఫోన్ చేయాలి. షుగర్ ఉన్నవారు ఏడాదికొకసారి కంటి రెటీనా, పాదాలు, మూత్రంలో ప్రోటీన్, క్రియాటినిన్ చూపించుకున్నారో లేదో నర్సును అడిగి పుస్తకంలో రాయించుకోవడం మంచిది.

మా ఇంట్లో ఇప్పుడు నాన్నగారు కూడా ప్రతి నెలా బీపీ చూపించుకునేది ఊరి క్లినిక్‌లోనే. ఆ అంకెలన్నీ ఒకే పుస్తకంలో రాయించుకుని, గుండె మందుల కోసం పట్నం వెళ్లినప్పుడు డాక్టరుగారి ముందు పెడుతున్నారు. మోతాదు మార్చేముందు డాక్టరుగారు ఇప్పుడు ఆ పుస్తకమే చూస్తున్నారు.