టైలా దారా, ఐరా స్టార్ దారా: ఆఫ్రికా డాన్స్ పాటలు పాడే అమ్మాయికి ఏది మేలు?

దక్షిణాఫ్రికా గాయని టైలా, నైజీరియా గాయని ఐరా స్టార్ ఇద్దరూ 2002లోనే పుట్టారు. టైలా జనవరిలో జొహన్నెస్‌బర్గ్‌లో, ఐరా జూన్‌లో బెనిన్ దేశంలోని కోటోనూలో. 2024 ఫిబ్రవరిలో గ్రామీ వాళ్లు ఆఫ్రికా పాటల కోసం మొదటిసారి ఒక విభాగం పెట్టినప్పుడు డవీడో, బర్నా బాయ్, అసాకే లాంటి పెద్ద నైజీరియా గాయకుల పక్కన ఈ ఇద్దరమ్మాయిల పాటలూ పోటీలో నిలిచాయి. టైలా ‘వాటర్’ గెలిచింది, ఐరా ‘రష్’ ఓడింది. 2026లో అదే విభాగంలో ఇద్దరూ మళ్లీ ఎదురుపడ్డారు. మళ్లీ టైలాయే గెలిచింది.

అవార్డులే కొలత అయితే ఇక మాట్లాడుకోవడానికేమీ లేదు. కానీ నైజీరియాలోని లేగోస్‌లోనో దక్షిణాఫ్రికాలోని సొవెటోలోనో ఇప్పుడే ఫోన్‌లో పాటలు రికార్డు చేసి పెడుతున్న పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఏ దారిన వెళ్లాలి అని అడిగితే, నేను రెండుసార్లు ఓడిపోయిన ఐరా దారినే చూపిస్తాను. టైలా అంటే నాకు చాలా ఇష్టం. అయినా సరే ఇదే మాట చెబుతాను.

ముందు టైలా సంగతి. స్కూలు చదువు అయ్యాక మైనింగ్ ఇంజనీరింగ్‌లో చేరాల్సిన అమ్మాయి. సంగీతంలో ప్రయత్నించుకోవడానికి ఒక్క ఏడాది ఇవ్వమని ఇంట్లో అడిగింది, వాళ్లు ఒప్పుకున్నారు. (ఇంజనీరింగ్ సీటు వదులుకుంటానని ఇంట్లో చెప్పడం ఎంత టెన్షనో మనకు వేరే చెప్పాలా!) 2019లో కూల్‌డ్రింక్ అనే నిర్మాతతో కలిసి అమాపియానో (దక్షిణాఫ్రికాలో పుట్టిన డాన్స్ సంగీతం) పాట ఒకటి చేసింది. కోవిడ్ అడ్డం రావడంతో దాని వీడియో బయటికి వచ్చేసరికి 2021 అయింది. ఆ వీడియో చూసిన అమెరికన్ లేబుల్ ఎపిక్ రికార్డ్స్ ఆమెతో ఒప్పందం చేసుకుంది. అంటే సొంత దేశంలో ఆల్బమ్ లేదు, పెద్ద టూర్లు లేవు. చేతిలో ఉన్నవి పాటా, డాన్సూ, ముఖమూ మాత్రమే.

తర్వాత రెండేళ్లు బయటికి పెద్దగా ఏమీ కనిపించలేదు. 2023 జూలైలో ‘వాటర్’ వచ్చింది. అమెరికన్ ఆర్ అండ్ బీ పద్ధతి పాట కింద అమాపియానోకి గుర్తైన బరువైన దరువు, లాగ్ డ్రమ్, మోగుతుంది. దాని మీద దక్షిణాఫ్రికా నగరం ప్రిటోరియా వీధుల్లో పుట్టిన బకార్డీ డాన్స్. నీళ్లు వీపు మీద పోసుకుని నడుము తిప్పే ఆ స్టెప్ టిక్‌టాక్‌లో దుమారం రేపింది. పాట అమెరికా పాటల చార్ట్ బిల్‌బోర్డ్ హాట్ 100లో 7వ స్థానం దాకా వెళ్లింది. 1968లో ట్రంపెట్ వాద్యకారుడు హ్యూ మసెకెలా తర్వాత ఆ చార్ట్‌లోకి సోలోగా వెళ్లిన దక్షిణాఫ్రికా కళాకారులెవరూ లేరు. యాభై ఐదేళ్ల ఖాళీని ఇరవై ఒక్క ఏళ్ల అమ్మాయి పూరించింది. ఇది మామూలు విషయం కాదు, దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే నాకు కోపం వస్తుంది.

అయితే వరుస గమనించండి. ముందు ప్రపంచ హిట్, తర్వాత గ్రామీ, ఆ తర్వాత 2024 మార్చిలో మొదటి ఆల్బమ్. గాయం వల్ల ఆ నెలలోనే టూర్ రద్దు చేసుకోవాల్సి వచ్చింది. ఒక్క పాటతో తెలిసిన ప్రేక్షకులకు రెండు గంటలు పాడి చూపించే అవకాశం సరిగ్గా అవసరమైన వేళకి చేజారింది. అప్పటి నుంచి ఆమె ఏ పాట విడుదల చేసినా ‘వాటర్’తో పోల్చి చూడటం తప్పడం లేదు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. 2024 సెప్టెంబర్‌లో ఎంటీవీ అవార్డుల్లో ఆమెకి వచ్చింది ఆఫ్రోబీట్స్ బహుమతి. అది పశ్చిమాఫ్రికా సంగీతం, ఆమెది దక్షిణాఫ్రికా. వేదిక మీదే ఆమె మర్యాదగా ఆ తేడా చెప్పాల్సి వచ్చింది. దూరంగా ఉన్న పెద్ద మార్కెట్‌కి ఆఫ్రికా అంతా ఒకే గంపలో కనిపిస్తుంది. ఆ మార్కెట్ నుంచే మొదలుపెట్టిన గాయని ఆ గంపలో తన చోటు ఏదో ప్రతిసారీ తనే వివరించుకోవాలి.

ఐరా కథ మొదలైంది కూడా ఫోన్‌లోనే. ఇన్‌స్టాగ్రామ్‌లో వేరేవాళ్ల పాటలు పాడి పెడుతూ ఉండేది. 2019 చివర్లో సొంత పాట ఒకటి పెట్టింది. అది మావిన్ రికార్డ్స్ యజమాని డాన్ జాజీ కంట పడింది. 2012లో లేగోస్‌లో మొదలైన లేబుల్ అది. 2023లో మన రీల్స్ నిండా వినిపించిన ‘కామ్ డౌన్’ గాయకుడు రెమా అక్కడివాడే. మావిన్ వాళ్లు ఐరాని వెంటనే జనం ముందుకి తోయలేదు. ఏడాదికి పైగా లోపలే ఉంచి గొంతు, రాత, స్టేజ్ మీద నిలబడే తీరు సానబెట్టారు. 2021 జనవరిలో కొద్ది పాటల చిన్న ఈపీ, ఆగస్టులో పూర్తి ఆల్బమ్. ఆ ఆల్బమ్ పాటతో నైజీరియా చార్ట్‌లో మొదటి స్థానం. అన్నీ అయ్యాక 2022 సెప్టెంబర్‌లో ‘రష్’ దేశం దాటింది. అప్పటికే ఆమె పాటలు మొత్తం కంఠతా వచ్చిన అభిమానులు లేగోస్‌లో ఉన్నారు. ఇంగ్లిష్‌లోకి స్థానిక భాష యోరుబానీ, అక్కడి వాడుక ఇంగ్లిష్ అయిన పిడ్జిన్‌నీ కలిపి పాడుతుంది, వాళ్లు అలాగే మాట్లాడతారు కాబట్టి. 2024లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవంలో ప్రధాన వేదికైన పిరమిడ్ స్టేజ్ ఎక్కే నాటికి ఆమెకి రెండు ఆల్బమ్‌లున్నాయి. ఒక్క హిట్ మీద ఆధారపడే అవసరం ఆమెకు లేదు.

నేను ఐరా వైపు మొగ్గడానికి కారణం ఇదే. డాన్స్ పాటకి ఆయుష్షు తక్కువ. స్టెప్ పాతబడితే పాటా పాతబడుతుంది. అప్పుడు గాయనిని నిలబెట్టేది ఆమె పాత పాటల మూట, ఆ పాటలు వచ్చిన ఊళ్లు. డిసెంబర్‌లో విదేశాల నుంచి పిల్లలు ఇళ్లకి వచ్చే రోజుల్లో లేగోస్‌లో రాత్రంతా కచేరీలు జరుగుతాయి. అమెరికా చార్ట్‌లో పేరు లేకపోయినా అక్కడ పాడించుకునేవాళ్లుంటారు.

డబ్బు లెక్క కూడా చూడాలి. పెద్ద లేబుల్ ఇచ్చే అడ్వాన్స్ బహుమతి కాదు, మామూలుగా అది గాయని రాబడిలోంచి ముందు కోసుకునే సొమ్ము. వీడియోల ఖర్చులో కొంతో మొత్తమో కూడా ఆ ఖాతాలోకే చేరుతుంది. ఖర్చు ఎంత పెద్దదైతే, చేతికి డబ్బు రావడానికి అంత పెద్ద హిట్ కావాలి. స్థానిక లేబుల్ దగ్గరా ఇదే పద్ధతి, కాకపోతే అంకెలు చిన్నవి, తీరడం త్వరగా. ఇక్కడ ఒక మాట దాచకూడదు: 2024లో మావిన్‌లో మెజారిటీ వాటా యూనివర్సల్ మ్యూజిక్ కొనేసింది. ‘మన లేబుల్’ అన్న మాటకి మునుపటంత బరువు ఇప్పుడు లేదు. శిక్షణ ఇచ్చే ఓపిక మాత్రం అలాగే నిలిస్తే చాలు.

మూడో దారి కూడా ఉంది. దక్షిణాఫ్రికాలో చాలామంది అమ్మాయిలు వెళ్లేది నిజానికి ఆ దారినే. డీజేనో నిర్మాతో పాట కడతాడు, గొంతు ఆమెది, పోస్టర్ మీద మొదటి పేరు అతనిది. ఇందులో ఖర్చు లేదు, ఎదురుచూపు లేదు, వారానికో పాట పాడొచ్చు. ప్రమాదం ఎంతో ‘జెరూసలేమా’ చూపించింది. 2019 చివర్లో మాస్టర్ కేజీ చేసిన ఆ పాటకి గొంతు నొమ్‌సెబో జికోడేది. అంగోలా డాన్సర్లు చేసిన వీడియోతో లాక్‌డౌన్‌లో ప్రపంచమంతా ఆడింది, దక్షిణాఫ్రికా అధ్యక్షుడే జనాన్ని ఆ డాన్స్ చేయమన్నాడు. 2021లో నొమ్‌సెబో తనకి ఒక్క పైసా అందలేదని బహిరంగంగా చెప్పింది. అవతలి పక్షం ఆ మాటతో ఏకీభవించలేదు. ఎవరిది న్యాయమైనా, అంత పెద్ద పాట తర్వాత ఆ గొడవ రావడమే బాధాకరం. 2023లో వేరే పాటకి ఆమెకి గ్రామీ వచ్చింది, సంతోషం. కానీ కొత్తగా వచ్చే అమ్మాయికి ఈ దారి నేను చెప్పను. వెళ్లక తప్పదంటే, మైకు ముందు నిలబడకముందే ఎవరికెంత శాతమో కాగితం మీద రాయించుకోవాలి. పాట హిట్టయ్యాక ఆ మాట ఎత్తితే వినేవాళ్లుండరు.

టైలా దారి ఎవరికీ పనికిరాదని అనను. పాటతో సమానంగా డాన్స్ చేయగలిగి, ఇంగ్లిష్‌లోనే పాట ఆలోచించే అమ్మాయికి, పైగా డీజేలకి తప్ప గాయనులకి క్లబ్బుల్లో సరైన డబ్బు దొరకని ఊళ్లో ఉంటే, విదేశీ లేబుల్ పిలుపు వదులుకోకూడదు. అప్పుడు రెండు విషయాల్లో పట్టుబట్టాలి. హిట్ కోసం ఆగకుండా, వచ్చేనాటికే ఒక ఆల్బమ్ సిద్ధంగా ఉంచుకోవాలి. డాన్స్ నేర్పేవాళ్లని సొంత ఊరినుంచే తెచ్చుకోవాలి. ఈ రెండోది టైలా చేసింది. ‘వాటర్’ స్టెప్ కూర్చిన లిచీ దక్షిణాఫ్రికావాడే. అందుకే లాస్ ఏంజెలెస్ స్టేజ్ మీద కూడా ఆ నడుము తిప్పడంలో ప్రిటోరియా కనిపించింది.