మ్యాచ్ పని (గురి పోటీల కోసం మెరుగులు) చేయించిన ఎం14 తరహా రైఫిల్: చాలాకాలం వాడాక నా మాట

ముందే చెప్పేస్తా, ఈ రైఫిలంటే నాకు ప్రాణం, అయినా స్కోప్ (గురి చూసే దుర్బిణి) బిగించి చిన్న గ్రూపులు, అంటే గుండ్లన్నీ ఒకేచోట దగ్గరదగ్గరగా పడేలా కొట్టాలనుకునేవాళ్లని మాత్రం దీని జోలికి వెళ్లొద్దంటాను.

అమెరికా సైన్యం ఎం14ని 1957లో తీసుకుంది, దాని పుట్టుక 1936 నాటి ఎం1 గారండ్ నుంచి. బురదలో పడినా పేలాలి, అదీ లెక్క, సూది మొనంత గురి ఎవరూ అడగలేదు. గ్యాస్ సిలిండర్, ముందు బ్యాండ్, ఆప్ రాడ్ (బోల్ట్‌ని ఆడించే కడ్డీ) గైడ్ అన్నీ బ్యారెల్‌నే పట్టుకుని ఉంటాయి కాబట్టి వాటిలో ఏ ఒక్కటి కాస్త కదిలినా గుండు వెళ్లే చోటు మారిపోతుంది. అందుకే నేను సెమీ ఆటో (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటానే పేల్చే) మోడల్ తీసుకుని, బరువైన బ్యారెల్ వేయించి, సిలిండర్‌నీ బ్యాండ్‌నీ ఒకటిగా కలిపించి, రిసీవర్ (బోల్ట్ ఉండే లోహపు పెట్టె) స్టాక్‌లో కదలకుండా దాని కింద ఎపాక్సీ బెడ్డింగ్ చేయించాను. ఇదంతా గన్‌స్మిత్ పనే, బిల్లు మాత్రం తడిసి మోపెడవుతుంది.

గురి మాత్రం వచ్చింది! 168 గ్రెయిన్ల బరువున్న సియెర్రా మ్యాచ్‌కింగ్ గుండ్లతో 100 గజాల దగ్గర దాదాపు అంగుళంన్నర గ్రూపు, అంతకుముందు నాలుగంగుళాలు వస్తే గొప్ప. మ్యాచ్ సైట్ ఒక్క క్లిక్ అర మినిట్ (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక మినిట్), అంటే 600 గజాల దగ్గర మూడంగుళాలు, గాలి మారినప్పుడు ఆ క్లిక్కులు తిప్పుతుంటే ఉండే మజాయే వేరు.

అసలు చాకిరీ తర్వాత మొదలవుతుంది. స్టాక్ ఊడదీసిన ప్రతిసారీ బెడ్డింగ్ అరుగుతుంది కాబట్టి ఊడదీయకుండానే శుభ్రం చేయాలి. రిసీవర్ వెనక మూసుకుని ఉంటుంది, రాడ్ మూతి వైపు నుంచే దూర్చాలి, రాడ్‌కి గైడ్ లేకపోతే క్రౌన్ (బ్యారెల్ మూతి అంచు) పాడవుతుంది. నేనైతే రైఫిల్‌ని తలకిందులుగా పెట్టి తోముతాను, లేదంటే సాల్వెంట్ కారి బెడ్డింగ్‌లోకి దిగుతుంది. ఆప్ రాడ్ జారే చోట గ్రీజు, గ్యాస్ పిస్టన్‌కి మాత్రం చుక్క నూనె కూడా వద్దు.

రీలోడ్ చేసేవాళ్లు, అంటే కాల్చిన కేసుల్ని మళ్లీ నింపి వాడేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. ఛాంబర్‌లోకి వెళ్లిన తూటాని పేల్చకుండా బయటకి తీసి చూడండి, ప్రైమర్ (తూటా అడుగున నిప్పు రాజేసే చిన్న మూత) మీద చిన్న నొక్కు కనిపిస్తుంది. ఫైరింగ్ పిన్‌కి స్ప్రింగ్ లేదు, బోల్ట్ మూసుకునే ఊపుకి అది ముందుకొచ్చి తగులుతుంది. మెత్తటి ప్రైమర్లు వాడితే ట్రిగ్గర్ నొక్కకుండానే పేలుతుందేమోనని టెన్షనే, గట్టివే వాడాలి. నెమ్మదిగా కాలే పౌడర్లు ఆప్ రాడ్‌కి చేటు, ఐఎంఆర్ 4895 పౌడర్ నాకు నమ్మకంగా పనిచేస్తోంది. కేసుల్ని కూడా బాగా నలిపేస్తుంది, నాలుగైదు సార్లు నింపాక అడుగు దగ్గర తెల్లటి గీత కనిపిస్తే పారేయడమే.

ఇక స్కోప్. మౌంట్ రిసీవర్ పక్కన బిగుస్తుంది, స్కోప్ ఎత్తుగా కూర్చుంటుంది, చెంప స్టాక్‌కి ఆనదు, స్క్రూలు వదులవుతూనే ఉంటాయి. ఎంత బిగించినా అంతే సంగతులు.

అమెరికాలో క్యాంప్ పెర్రీ దగ్గర జరిగే జాతీయ రైఫిల్ పోటీల్లో 1990లలో ఏఆర్ (ఏఆర్-15) తరహా రైఫిళ్లు దీన్ని పక్కకి నెట్టేయడంలో వింతేం లేదు, వాటి మ్యాచ్ మోడళ్లలో ముందు చేతిపట్టు బ్యారెల్‌ని తాకదు, బెడ్డింగ్ గొడవే ఉండదు, సగం ఖర్చుతో ఇంతకంటే మంచి గ్రూపులొస్తాయి. ఐరన్ సైట్లతో (స్కోప్ లేని మామూలు గురి సైట్లు), చెక్క స్టాక్‌తో కాల్చడమే ఇష్టమైతే ఇది తీసుకోండి. నాది ఇప్పుడు మళ్లీ బెడ్డింగ్‌కి వెళ్లాలి, ఈసారి మౌంట్ తీసి అమ్మేస్తున్నాను.